గుడ్లు పంచిన పిల్ల

ఏలూరు,
27 నవంబరు 2025

నీలూ,

పిల్లలు పుట్టుకతోనే దయగలవాళ్ళని నేను ఎన్నడూ అనలేదు. పుట్టుకతోనే ఆకలిగలవాళ్ళు అన్నాను. ముప్ఫై నాలుగేళ్ళు ఒకటో తరగతికీ రెండో తరగతికీ పాఠం చెప్పినదాన్ని, అంత తెలివితక్కువ మాట ఎందుకంటాను? నువ్వు ట్రైనింగులో విన్నదాన్ని నా నోట్లో పెట్టి, "మా అమ్మమ్మ చెప్పిందండీ" అని మీ హెడ్మాస్టరు గారితో కూడా అన్నావట. ఆయన ఎప్పుడైనా ఎదురుపడితే నేను కాదంటాను. ఇప్పుడే చెబుతున్నాను.

నీ ఉత్తరం నాలుగో రోజుకి చేరింది. కైకలూరు నుంచి మనిషి బస్సెక్కితే పూటలో వచ్చేస్తాడు. ఉత్తరం మాత్రం దారిలో ఎక్కడో భోంచేసి పడుకుంటుంది కాబోలు. అయినా నాకు ఇదే నయం. ఫోనులో నీ మాట సగం కూడా అందదు. మీ షఫీ మామయ్య కొనిచ్చిన చెవి మిషను పెట్టుకుంటే పక్కింటి మిక్సీ, వీధి చివర కుక్క, అన్నీ వినిపిస్తాయి, ఎదుటి మనిషి తప్ప.

సంగతికి వస్తాను. నాకు అర్థమైనంతలో ఇదీ. మీ కొల్లేటి ఊరి బడిలో రెండో తరగతికి పధ్నాలుగుమంది. కోతలయిన చేలల్లో రాలిన గింజలు మేపడానికి బాతుల్ని తోలుకొచ్చిన దేవదానం అనే అతని కూతురు సువార్త, ఏడేళ్ళది, పదిహేనో పిల్లగా చేరింది. దాని బట్టలు బాతుల కంపు కొడుతున్నాయని తక్కినవాళ్ళు ముక్కు మూసుకుంటున్నారు. చేపల చెరువుల గట్ల మీద పుట్టిన పిల్లలు. వాళ్ళ ఇళ్ళల్లో ఏ అత్తరు కాస్తున్నారో అడక్కపోయావా? సువార్త నోరు విప్పదు. పక్కన ఎవరూ కూర్చోరు. దాళ్వా పంటకి చేలు దున్నడం మొదలుపెట్టగానే బాతులు ఇంకో ఊరు పోతాయి, వాటితో పిల్లా పోతుంది. నీకున్నది ఐదారు వారాలు. ఆ లోపల దాని పక్కన ఒక్కరైనా, నువ్వు చెప్పకుండా, వాళ్ళంతట వాళ్ళు వచ్చి కూర్చోవాలని నీ కోరిక.

మంచి కోరికే. అయితే దయ గురించి పాఠం చెప్పకు. చార్టు రాయకు. "సువార్త మన చెల్లెలు" అని అందరి చేతా మూడుసార్లు అనిపించకు. అనిపిస్తే నాలుగోసారి నుంచి వెక్కిరింతకి పనికొస్తుంది. ఆ పిల్లకి ఒక పని ఇవ్వు. అందరికీ దానితో అవసరం పడే పని. మధ్యాహ్నం భోజనంలో ఉడికించిన గుడ్డు పెడతారుగా, ఆ గుడ్లు పంచే పని దానికివ్వు. గుడ్ల బేసిన్ చేతిలో ఉన్న మనిషి ముందు ముక్కు మూసుకునే ధైర్యం ఏ పిల్లకీ ఉండదు.

మీ అమ్మ గుల్షన్ తాడేపల్లిగూడెం నుంచి నీ ఫోటో పంపి నువ్వు చిక్కిపోయావని ఏడ్చింది. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. చిక్కలేదు.

నీ అమ్మమ్మ,
మెహరున్నీసా


కైకలూరు,
2 డిసెంబరు

అమ్మమ్మకు నీలోఫర్ సలాములు.

చార్టు రాయొద్దన్న మీ ఉత్తరం నిన్న వచ్చింది. చార్టు శుక్రవారమే తగిలించేశాను.

కోప్పడకుండా చదవండి. పేరు "మంచి పనుల చార్టు". తోటివాళ్ళకి ఏ మంచి పని చేసినా పేరు పక్కన ఒక బంగారు రంగు స్టారు. మొదటిరోజే పదకొండు స్టార్లు వచ్చాయమ్మమ్మా. వీరేంద్ర సువార్త సంచి మోశాడు. పద్మప్రియ తన కొత్త రబ్బరు ఇచ్చేసింది. మనోజ్ దాని కంచం కడిగి తెచ్చాడు. ముక్కు మూసుకునేవాళ్ళే లేరు. హెడ్మాస్టరు గారు ఫోటో తీసి మండలం గ్రూపులో పెట్టారు. మీరు ఇక్కడుంటే ఒప్పుకునేవారు.

గుడ్ల పని కూడా రేపటి నుంచి సువార్తకే ఇస్తాను. రెండు మందులూ కలిపి వాడితే తొందరగా తగ్గుతుందేమో.

నేను నిజంగానే చిక్కలేదు. అమ్మతో మీరే చెప్పండి.

మీ
నీలూ


ఏలూరు,
6 డిసెంబరు

నీలూ,

నీ చార్టుకి శుభాకాంక్షలు. ఒక్కటే ప్రశ్న. సువార్తకి ఎన్ని స్టార్లు?

ఎందుకు అడుగుతున్నానంటే, పోయినేడు నా మోకాలికి ఆపరేషన్ అయ్యాక మనవాళ్ళంతా నామీద మంచితనానికి దిగారు. నీకు గుర్తుండాలి, నువ్వూ ఉన్నావు. మంచినీళ్ళ గ్లాసు అందుకోనివ్వలేదు. దుప్పటి మడతపెట్టుకోబోతే లాక్కున్నారు. మీ షఫీ మామయ్య, పరుపుల కొట్టులో దూది కూరడం తప్ప ఇంట్లో చెంచా ఎత్తి ఎరగనివాడు, నాకు అన్నం కలిపి పెడతానన్నాడు. పదిరోజులయ్యేసరికి నన్ను చూస్తే నాకే జాలేసింది. ఒక్కరైనా వచ్చి "మెహరూ, ఈ బీరకాయలు కాస్త చెక్కు తీసిపెట్టు" అంటారేమోనని చూశాను. అనలేదు. అంత మంచివాళ్ళు.

పధ్నాలుగుమంది కలిసి ఒక్క పిల్ల సంచి మోస్తే ఆ పిల్ల చేతులు ఏం చేసుకోవాలి?

గుడ్ల సంగతి మాత్రం వెంటనే రాయి. అది ట్రైనింగులో చెప్పింది కాదు, నా అనుభవం. దాని మీద నాకు నమ్మకం ఉంది.

అమ్మమ్మ


కైకలూరు,
12 డిసెంబరు

అమ్మమ్మకు సలాములు.

సువార్తకి స్టార్లు సున్నా. మీరు అడిగాక చూశాను. ఎవరికైనా ఏదైనా చేద్దామని అది లేచేలోపే ఇంకొకరు చేసేస్తున్నారు.

ఇక గుడ్లు. మూడు రోజులు బాగానే పంచింది. బేసిన్ రెండు చేతులతో పట్టుకుని ఒక్కొక్కరి ముందూ ఆగేది. ఒకరోజు నవ్వింది కూడా. నాలుగోరోజు మనోజ్ అన్నాడు, "ఒరే, ఇయ్యి సువార్తోళ్ళ బాతుగుడ్లురా."

కాదని చెప్పాను. వంట చేసే రాజరత్నం గారు కోడిగుడ్ల అట్ట తెచ్చి చూపించారు. "నేనే ఉడకేశాను కదర్రా, నాకు తెలీదా ఏ గుడ్డో" అన్నారు. ఎవరూ వినలేదు. పద్మప్రియ నా దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది, "బాతుగుడ్డు తింటే మాట పోద్దంటండీ. సువార్తకి అందుకే మాట రాదంటండీ." తొమ్మిదిమంది గుడ్డు వదిలేశారు. అప్పుడు కూడా స్టారు కోసం వీరేంద్ర తన గుడ్డు తీసుకెళ్ళి సువార్త కంచంలోనే పెట్టాడు. మిగతావాళ్ళు వాణ్ణి చూసి అలాగే చేశారు. దాని ముందు తొమ్మిది గుడ్లు.

మర్నాడు ఒక తల్లి వచ్చారు. చాలా మర్యాదగా, "ఏమనుకోకండి మేడమ్ గారూ, గుడ్డు మంచిదేనండీ. పంచే చెయ్యి మార్చండీ" అన్నారు. గుడ్లు ఎందుకు మిగిలాయో రాసివ్వమని హెడ్మాస్టరు గారు అడిగారు. ఏం రాయాలో తెలియక "పిల్లలకు ఆకలి లేదు" అని రాశాను. ఇప్పుడు గుడ్లు రాజరత్నం గారే పంచుతున్నారు.

మీరు చెప్పినట్టే చేశాను అమ్మమ్మా.

సువార్త బాగానే ఉంది. మీరు బెంగపెట్టుకోకండి.

నీలూ


ఏలూరు,
17 డిసెంబరు

నీలూ,

"మీరు చెప్పినట్టే చేశాను" కింద నువ్వు గీత గీయలేదు గాని, గీసినట్టే చదివాను. ఒప్పుకుంటున్నాను. బాతులు మేపుకునేవాళ్ళ పిల్ల చేతికి గుడ్ల బేసిన్ ఇవ్వమన్నది నేనే. ఏలూరులో కూర్చున్నదానికి గుడ్డంటే గుడ్డే. నా రోజుల్లో బడిలో గుడ్లు లేవు. లేని గుడ్ల మీద నాకు అనుభవం ఉందని రాశాను చూడు, దానికి నన్ను గోడకుర్చీ వేయించాలి. మోకాలు ఒప్పుకోదు గనుక బతికిపోయాను.

"పిల్లలకు ఆకలి లేదు" అని రాయడం మాత్రం నీ సొంతం. అది నామీద వేయకు.

ఒక విధంగా నీ ఉత్తరం చూసి కుదుటపడ్డాను. సువార్త బాగానే ఉందన్నావు. పెద్దవాళ్ళం మనం చేసే తెలివితక్కువ పనుల్ని పిల్లలు చాలావరకు తట్టుకుంటారు. అందుకని ఇప్పుడు తొందరపడి ఇంకొకటి చేయొద్దు. చార్టు మెల్లగా తీసెయ్యి. బడి పరీక్షలూ, నీ పేపర్లు దిద్దడమూ అయిపోయాక, పిల్లలందర్నీ ఒక పూట ఆ చేలోకి తీసుకెళ్ళు. బడిలో సువార్తకి తెలియనివే అన్నీ. చేలో దానికి తెలిసినవి వీళ్ళకి తెలియవు. వీరేంద్రని ఒక్క బాతుని పట్టుకోమను చూద్దాం. అప్పుడు ఎవరు ఎవరి సంచి మోస్తారో తెలుస్తుంది. నువ్వు మాత్రం మధ్యలో నిలబడి ఉపన్యాసం చెప్పకు. చెట్టు కింద కూర్చుని వేరుశెనక్కాయలు తిను.

ఈసారైనా నా మాట తిరగబడదనుకుంటున్నాను. అయినా నా మాట మీద నాకే మునుపటంత గౌరవం లేదు.

అమ్మమ్మ


కైకలూరు,
23 డిసెంబరు

అమ్మమ్మా,

సువార్త బాగా లేదు. నేను అబద్ధం రాశాను. ఈ నెల పదకొండు నుంచి అది బడికే రావడం లేదు.

గుడ్లు పంచే పని మాన్పించిన మర్నాడు పొద్దున్నే వచ్చింది. భుజం మీద వాళ్ళ నాన్న తువ్వాలు. నా బల్ల దగ్గరికొచ్చి తువ్వాలు విప్పింది. మూడు బాతుగుడ్లు. కడిగి తెచ్చింది, తళతళలాడుతున్నాయి. నాకోసం తెచ్చిందని తెలుస్తూనే ఉంది. తరగతంతా చూస్తోంది. వెనక నుంచి ఎవరో "అదుగో బాతుగుడ్లు" అన్నారు. ముందురోజు ఆ తల్లి అన్నమాట, హెడ్మాస్టరు గారి కాగితం, అన్నీ ఒక్కసారి నెత్తిమీదికొచ్చాయి. "ఇవి బడికి తీసుకురాకూడదు. తీసుకెళ్ళు" అన్నాను. గట్టిగానే అన్నాను. చేత్తో బల్ల మీంచి తువ్వాలు వెనక్కి నెట్టాను కూడా.

అది ఏడవలేదు. మూడు గుడ్లూ మళ్ళీ కట్టుకుంది. మధ్యాహ్నం దాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. భోజనానికి లేవలేదు. ఆ తర్వాత రాలేదు.

మీ ఉత్తరం చూశాక మొన్న ఆదివారం ఒక్కదాన్నే చేలోకి వెళ్ళాను. దేవదానం పాకలోంచి లేచి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "బాతులు మాయి కాదండీ. ముదినేపల్లి వెంకట్రాజు గారియ్యి. గుడ్లూ ఆయనియ్యే. నేను కూలికి మేపుతానంతేనండీ. పదిరోజుల కింద పిల్ల తువ్వాల్లో మూడు గుడ్లు మూటగట్టుకుని తిరుగుతుంటే పట్టుకున్నానండీ. ఎక్కడియ్యే అంటే చెప్పదు. ఎవరికివ్వడానికే అంటే చెప్పదు. దొంగబుద్ధి ఎక్కణ్ణుంచొచ్చిందో తెలీదండీ. నాలుగు తగిలించాను. బడి మాన్పించేశానండీ" అన్నాడు.

నాకోసం తెచ్చిందని చెప్పాలి అమ్మమ్మా. అది చెప్పడానికే నోరు తెరిచాను. అది చెబితే, మరి మీరెందుకు తిప్పిపంపారండీ అని అడుగుతాడు. "సోమవారం నుంచి పంపించండి" అని మాత్రం అని వచ్చేశాను.

సువార్త దూరంగా, కర్రకి కట్టిన ప్లాస్టిక్ సంచి ఊపుతూ బాతుల వెనకాల ఉంది. నోటితో ఏదో కూత వేసింది. చేనంతా పరుచుకున్న బాతులు ఒక్కసారి మళ్ళాయి. అంత పెద్ద గొంతు. నా తరగతిలో ఒక్క మాట పలకని పిల్లది. నన్ను చూసింది. మళ్ళీ కూత వేయలేదు.

నిన్న సోమవారం. రాలేదు. చార్టు ఇంకా గోడకే ఉంది. వీరేంద్ర అడిగాడు, "సువార్త రాకపోతే మాకు స్టార్లెలా వస్తాయండీ?"

నేనేం చెయ్యను?

నీలూ


ఏలూరు,
27 డిసెంబరు

నీలూ,

షఫీ చేత నాలుగుసార్లు ఫోను చేయించాను. అందుబాటులో లేదంది. అందుకే ఈ చీటీ కైకలూరు బస్సు కండక్టరు చేతికిస్తున్నాను.

వెళ్ళి ఆ తండ్రికి చెప్పు. పిల్ల దొంగ కాదు, టీచరుకి బహుమతి తెచ్చింది, టీచరు పుచ్చుకోలేదు అని చెప్పు. ఈ మూడు ముక్కలే. ఆయన ఎందుకండీ అని అడిగితే, భయపడ్డానండీ అను. పిల్ల వినేటట్టు చెప్పు. పిల్లల్ని తీసుకెళ్ళడం, బాతుల్ని పట్టించడం తర్వాత చూసుకోవచ్చు. నువ్వొక్కదానివే వెళ్ళు.

చదివిన వెంటనే వెళ్ళు.

అమ్మమ్మ


కైకలూరు,
5 జనవరి 2026

అమ్మమ్మా,

మీ చీటీ నాకు ముప్ఫయ్యో తారీఖున అందింది. కండక్టరు మర్చిపోయి జేబులోనే ఉంచుకున్నాడట. ఆ సాయంత్రమే వెళ్ళాల్సింది. ఒక్కదాన్నే మళ్ళీ ఆయన ముందు నిలబడడానికి ధైర్యం చాలలేదు. పిల్లలందరితో వెళితే, వాళ్ళు ఆడుకుంటుంటే, మెల్లగా చెప్పొచ్చనుకున్నాను. మీరు ఒక్కదాన్నే వెళ్ళమన్నారు. నేను అందర్నీ తీసుకెళదామనుకున్నాను. పిల్లల్ని ఊరు దాటించాలంటే తల్లిదండ్రుల సంతకాలు కావాలన్నారు హెడ్మాస్టరు గారు. సంతకాలకి మూడు రోజులు పట్టింది. పంచే చెయ్యి మార్చమన్నావిడే అందరికంటే ముందు సంతకం పెట్టారు.

శనివారం వెళ్ళాం. పాక లేదు. బాతుల చుట్టూ కట్టే వల లేదు. గుంజలు పీకిన గుంతలున్నాయి. పక్కచేలో ట్రాక్టరు దున్నుతోంది. దాని డ్రైవర్ని అడిగితే గురువారమే వెళ్ళిపోయారన్నాడు. ఎక్కడికో తెలియదన్నాడు.

పిల్లలు చేనంతా పరుగెత్తి బాతు ఈకలు ఏరారు. నేను గట్టు మీద కూర్చున్నాను. పద్మప్రియ వచ్చి పక్కన కూర్చుని, "మనం వస్తున్నామని తెలిసి వెళ్ళిపోయారాండీ?" అంది.

బడికి తిరిగొచ్చి చార్టు తీసేశాను. వీరేంద్ర గుక్కపట్టి ఏడ్చాడు. వాడివి ముప్ఫై ఏడు స్టార్లు.

సువార్త ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నా వాళ్ళ నాన్న దృష్టిలో దొంగే. ఆ మాట తీసేయగలిగింది నేనొక్కదాన్నే. నాకు ఊరి పేరు కూడా తెలియదు.

నీలూ


ఏలూరు,
19 జనవరి

నీలూ,

ఈసారి నీ ఉత్తరం ఆలస్యంగా, సంక్రాంతి ముందురోజు చేరింది. నాలుగు రోజులు నిన్ను తిట్టే ఉత్తరమే రాశాను. బాగా వచ్చింది. నా దస్తూరి కూడా మునుపటిలా కుదిరింది. తీరా మడతపెట్టబోతే, అందులో ఉన్న తిట్లన్నీ గుడ్ల పని ఇవ్వమన్న ముసలిదానికి కూడా సరిపోయేటట్టు ఉన్నాయి. చించేశాను.

నిన్ను ఓదార్చడం నాకు చేతకాదు. అంతా సర్దుకుంటుందని రాయలేను, సర్దుకోకపోవచ్చు. నేను ఏలూరులో నులకమంచం మీద, నువ్వు కైకలూరులో, ఆ పిల్ల ఎక్కడో బురదచేలో. నేనే వద్దామనుకుని మొన్న బస్టాండు దాకా వెళ్ళాను కూడా. బస్సు మెట్టు ఎక్కలేకపోయాను. వెనకవాళ్ళు మర్యాదగా ఆగారు. నేనే పక్కకి తప్పుకున్నాను. ఈ సంగతి మీ అమ్మకి రాయకు.

వీరేంద్రని ఏమీ అనకు. వాడు మనం పెట్టిన పరీక్ష రాశాడు, ఫస్టు మార్కు తెచ్చుకున్నాడు. తప్పు ప్రశ్నాపత్రంలో ఉంది. పద్మప్రియ అడిగినదానికి నువ్వేం జవాబు చెప్పావో రాయలేదు. చెప్పలేదేమో. చెప్పలేకపోతే చెప్పలేనని చెప్పు. టీచరుకి జవాబు తెలియని రోజు పిల్లలకి గుర్తుంటుంది.

ఇక ఒక పని ఉంది. ఆదివారం పొద్దున్నే ముదినేపల్లి బస్సెక్కు. వెంకట్రాజు గారి ఇల్లెక్కడని అక్కడ ఎవరినడిగినా చెబుతారు. ఆయన్ని దేవదానం ఎక్కడున్నాడని అడిగితే ఫోను నంబరు లేదంటారు. సువార్త ఎక్కడని అడిగితే ఎవరా పిల్ల అంటారు. కాబట్టి బాతులు ఎక్కడున్నాయని అడుగు. ఊరూ, చేనూ, గట్టూ అన్నీ చెబుతారు. తాడేపల్లిగూడెం వైపైతే మీ అమ్మ దగ్గర దిగి, మీ నాన్నని స్కూటరు మీద తీసుకెళ్ళమను. ఇంకెక్కడైనా షఫీ పరుపులు వేసే వ్యాను పంపిస్తాను. డ్రైవరుకి నేను చెప్పి ఉంచుతాను.

వెళ్ళేముందు శనివారమే హెడ్మాస్టరు గారి చేత ఆ పిల్ల రికార్డు షీటు రాయించుకో. లేకపోతే తర్వాతి ఊళ్ళో బడివాళ్ళు చేర్చుకోం అంటారు. ఇప్పుడు అంతా ఆన్‌లైన్ అని ఆయన అంటారు. సరేనండీ, కాగితం మీద కూడా ఒకటి ఇవ్వండి అను. సంతకం, బడి ముద్ర రెండూ ఉండాలి. "బడి మానుటకు కారణం" అన్నచోట ఖాళీ వదిలితే ఎవరో ఒకరు ఏదో ఒకటి రాస్తారు. ఆయన రాసేవరకూ పక్కనే నిలబడి, "బడిలో జరిగిన పొరపాటు" అని రాయించు. ఆయన ఒప్పుకోరు. అప్పుడు "కుటుంబం ఊరు మారినందున" అని రాయించు. తండ్రికి చెప్పాల్సింది నోటితో చెప్పు, కాగితం చూపించి కాదు.

షీటు ప్లాస్టిక్ కవరులో పెట్టు. చేలో తడిగా ఉంటుంది.

అమ్మమ్మ